అత్తగారికిచ్చిన గుర్రం

సినిమావాళ్ళు మా తెల్లయేరు లోయకు వచ్చిన వేసవిలో నాకు బాగా గిట్టుబాటయింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో కొందరు గొప్ప పనులు చేస్తారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణని ఎవరూ పొరపడకూడదు. నేను కాఫీ, పిండి, పంచదార, మేకులు, కిరసనాయిలు అమ్ముకునేవాణ్ణి. మా నాన్న ఫ్రెంచివాడు, అమ్మ లకోటా. ఎమిల్ లారివే అన్న పేరు నాన్న నుంచి వచ్చింది, చుట్టాలందరూ అమ్మ నుంచి వచ్చారు. పేరుతో ఖర్చేమీ లేదు.

అవి కరువు రోజులు. వాన మొహం చూసి చాలాకాలమైంది. మిడతలు గడ్డిని మేసేసి, గడ్డి అయిపోయాక కంచెకర్రల మీది పెచ్చుల్ని కూడా కొరికాయి. అలాంటప్పుడు పడమటి తీరం నుంచి లారీల మీద కెమెరాలు, గుడ్డకప్పుల బండ్లు, అట్టతో చేసిన కోటగోడలు వచ్చి దిగాయి. వలస వచ్చిన తెల్లరైతులకూ సూ జాతికీ జరిగిన పోరాటం మీద పెద్ద సినిమా తీస్తారట. సూ అంటే మేమే. అది ఇతరులు మాకు పెట్టిన పేరు, మేం లకోటా అనుకుంటాం. కానీ కూలి ఇచ్చేవాడు ఏ పేరుతో పిలిచినా పలకవలసిన ఏడాది అది. మగవాళ్ళు గుర్రాలతో, ఆడవాళ్ళు డేరాలతో, ముసలివాళ్ళు తమ ముడతల ముఖాలతో వెళ్ళి పనికి కుదిరారు. రెండు భాషల్లోనూ బేరం చేయగలవాణ్ణి కాబట్టి దుబాసీ పని నాకు దక్కింది. తాళ్ళు, రంగులు, డబ్బాల్లో పీచ్ పళ్ళు కూడా నా కొట్లోంచే వెళ్ళాయి.

డైరెక్టరు పేరు ప్రిచర్డ్. ఎండకు ముక్కుమీద తోలు ఊడిన సన్నపాటి మనిషి. తన పని తనకు తెలుసు, ఎదుటివాడి పని తెలియదన్న సంగతి కూడా తెలుసు. అలాంటివాడితో వ్యాపారం సుఖం. మొదటిరోజే గుంపంతా తిరిగి చూసి, మా అత్తగారి ముందు ఆగిపోయాడు.

"ఆ ముఖం చూశావా?" అన్నాడు నాతో. "అలాంటి ముఖాన్ని ఎంత ఖర్చుపెట్టి తయారుచేయగలం?"

"మీరు చెబితే నమ్ముతాను" అన్నాను.

నేనన్నది నిజం. మా అత్తగారు దూరపుకొండ రెబెకా ముఖం నేను ఎన్నడూ చూడలేదు. మాలో అల్లుడు అత్తగారి వంక చూడడు, అత్తగారు అల్లుడితో మాట్లాడదు. అది పగ కాదు, మర్యాద. ఆమె నా కొట్టుకు వచ్చినప్పుడల్లా తల మీదికి శాలువా లాక్కుని, నాకు వీపుపెట్టి, పొయ్యితో మాట్లాడేది. "ఓ పొయ్యీ, పోయినసారి ఇక్కడ కొన్న కాఫీలో సగం మట్టే. ఈసారైనా కాఫీ అమ్ముతారేమో కనుక్కో." నేను పిండిబస్తా వైపు తిరిగి జవాబు చెప్పేవాణ్ణి. "బస్తా, ఇది కొత్త సరుకని ఆ పెద్దావిడకు తెలిస్తే బాగుండును." అలా పొయ్యీ బస్తా మధ్యవర్తులుగా జరిగిన బేరాల్లో నేను గెలిచింది ఒక్కటీ లేదు.

సినిమాలో ఆమె పని ఏమిటో డైరెక్టరు నాకు చెప్పాలి, నేను నా భార్య క్రిస్టీన్‌కు చెప్పాలి, క్రిస్టీన్ తన తల్లికి చెప్పాలి. అలా ముగ్గురం వరసగా నిలబడ్డాం, అత్తగారు క్రిస్టీన్ వెనక శాలువాలో ఉంది.

"తెల్లవారుజామున రైతులు సూ శిబిరానికి నిప్పుపెడతారు" అన్నాడు ప్రిచర్డ్. "మీవాళ్ళందరూ చెల్లాచెదురై పారిపోతారు. ముసలావిడ ఒక్కతే డేరా ముందు మిగిలిపోతుంది. అప్పుడు రైతుకూతురు, మన హీరోయిన్, మంటల్లోకి పరిగెత్తి ఆమెను బయటికి లాక్కొస్తుంది. ముసలావిడ ఆ పిల్ల చెయ్యి ముద్దుపెట్టుకుంటుంది. హాల్లో ఏడవనివాడు ఉండడు."

మాట వరసగా దాటుకుంటూ వెళ్ళింది.

"నన్ను వదిలేసి పోయింది ఎవరట?" అని అడిగింది అత్తగారు.

నేను డైరెక్టరును అడిగాను. "ఎవరేమిటి? అందరూ" అన్నాడు.

"అందరూనా? వాళ్ళ పేర్లు చెప్పమను. వాళ్ళ తల్లుల పేర్లు కూడా చెప్పమను. ముసలిదాన్ని మంటల్లో వదిలేసి వచ్చే కొడుకుల్ని ఎలా కన్నారో ఇంటింటికీ వెళ్ళి కనుక్కుంటాను."

క్రిస్టీన్ నాకు ఆ మాట చెప్పేలోపే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నవ్వు ఆగాక అత్తగారు నవ్వులాట లేకుండా చెప్పింది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు నిజంగానే సైనికులు తెల్లవారుజామున శిబిరం మీద పడ్డారు. మంచు. డేరాలు మండుతున్నాయి. గందరగోళంలో పిల్ల ఒక్కతే మిగిలిపోయింది. ఆమె మేనమామ వంకరకొమ్ము అప్పటికే వాగు దాటి, పెళ్ళాంబిడ్డల్ని దింపి, లెక్కచూసుకుని, మేనకోడలు లేదని గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. తుపాకుల మధ్యకు వచ్చి, గుర్రం ఆపకుండానే వంగి, పిల్లను పైకి లాక్కుని పోయాడు. వాగు అవతల గుర్రం దిగాక ఆయన మళ్ళీ లేవలేదు. పిల్లను ఎత్తుకునేటప్పటికే తూటా తగిలి ఉంది.

"ఆయన ఎందుకు పోయాడో ఆ బొమ్మల మనిషికి చెప్పు" అంది అత్తగారు. "ఎవరూ వెనక్కి రాలేదని బొమ్మ తీసి లోకమంతా చూపిస్తే, నా మామ ఊరికే చచ్చినట్టు. ఆ డేరా ముందు నేను కూచోను. నాలాంటి ఇంకే ముసలిదీ కూచోదు, కూచుంటుందేమో చూసుకోమను."

ప్రిచర్డ్ చూసుకున్నాడు. ముసలమ్మలందరూ ఒక్కసారే శాలువాలు తలమీదికి లాక్కున్నారు.

బేరంలో ఎదుటివాడు ఇరుక్కున్నప్పుడు తొందరపెట్టకూడదు. ఆయన టోపీ తీసి, నెత్తి గోక్కుని, మళ్ళీ పెట్టుకునేదాకా ఆగాను.

"అయ్యా, మంటల్లోంచి ముసలమ్మను లాగే అమ్మాయిలు అన్ని సినిమాల్లోనూ ఉంటారు. మంటల మధ్య పరుగెత్తే గుర్రం ఆగకుండా మనిషిని నేలమీంచి లేపే రౌతు ఎవరి సినిమాలో ఉన్నాడు?"

ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. సరుకు చూసిన కొనుగోలుదారు కళ్ళు అలాగే అవుతాయి. "చేయగలరా?"

"చూడండి."

చాలాసేపు ఆలోచించి ఆయన తన ధర చెప్పాడు. శిబిరం ఒక్కటే ఉంది, ఒక్కసారే కాలుతుంది. ముందు రౌతును పంపుతాడు. అతను ముసలావిడను అందుకుంటే ఆ బొమ్మే సినిమాలో ఉంటుంది. తప్పితే వెనకనుంచి హీరోయిన్ పరిగెత్తుతుంది, ముసలావిడ కిక్కురుమనకుండా ఆ పిల్లతో నడవాలి. "ఇంకో మాట. ఆ ఇసుకరంగు గుర్రం మీద తిరిగేవాడు చేస్తేనే. ఇంకెవరినీ మంటల్లోకి పంపను. ఒకవేళ ముసలావిడకు దెబ్బ తగిలితే నా నిద్ర పోతుంది."

అత్తగారు ఒప్పుకుంది. మా మాట నిలబడిందని అందరూ సంతోషించారు. ఇసుకరంగు గుర్రం ఎవరిదో ఆ సంతోషంలో ఎవరికీ తట్టలేదు. ముందు క్రిస్టీన్ ముఖం మారింది, తరవాత నాది.

ఆ గుర్రం నా తోడల్లుడు ఎదురుగాలి మోజెస్‌ది. అంటే అత్తగారి చిన్నల్లుడిది.

మోజెస్‌కు మాటలు తక్కువ. పశువుల కామందుల దగ్గర గుర్రం మీద కూలిపని చేసేవాడు. ఇసుక అని పిలిచే ఆ గుర్రాన్ని పుట్టిననాటి నుంచి తనే పెంచాడు. తల్లిగుర్రం చచ్చిపోతే డబ్బాపాలు పోసి బతికించాడట, ఆ డబ్బాలు నా కొట్లోవే. జులై పందేల్లో ఆ గుర్రం ముందు నిలిచింది లేదు. గుర్రం ఉంటేనే అతనికి పని, పని ఉంటేనే ఇంట్లో పొయ్యి.

మర్నాడు సాధన చేశాం. ముందు పిండిబస్తాను నిలబెట్టారు. మోజెస్ దూసుకొచ్చి, పక్కకు ఒరిగి, బస్తాను పసిపిల్లలా పైకి తీసుకుని పోయాడు. సినిమావాళ్ళు టోపీలు ఎగరేశారు. తరవాత బస్తా తీసి అత్తగారిని నిలబెట్టారు. మోజెస్ వచ్చాడు. దగ్గరికి వస్తూనే అతని తల పక్కకు తిరిగింది. రౌతు తల ఎటు తిరిగితే గుర్రం అటు పోతుంది. అత్తగారు కూడా శాలువా మూతిదాకా లాక్కుని వీపు తిప్పేసింది. గుర్రం ఆమెకు ఆమడ దూరంలో పోయి వంటబండి దగ్గర ఆగింది. మళ్ళీ చేశారు. ఈసారి గుర్రం కెమెరా మీదికి పోయింది.

"వాడికేమైంది?" అని అరిచాడు ప్రిచర్డ్. "మంటల్లోకి పోతానన్నవాడు ముసలమ్మకు భయపడతాడా?"

"ఆమె వాడి అత్తగారు" అన్నాను. "మాలో అల్లుడు అత్తగారి వంక చూడకూడదు. ముట్టుకునే మాటే లేదు. మీకు అత్తగారు ఉన్నారా?"

"ఉంది. చికాగోలో."

"ఎందుకంత దూరంలో ఉంచారు?"

ఆయన నావైపు చూసి, నవ్వాలా వద్దా అని తూచి, నవ్వాడు. కానీ మాట మార్చలేదు. ఎల్లుండి పొద్దున శిబిరం కాలుస్తాం, ఆలోగా ఏంచేస్తారో చేయండి, లేకపోతే హీరోయిన్ ఉంది అన్నాడు.

ఆ సాయంత్రం మా వంటింట్లో అందరం చేరాం. అత్తగారు గోడకు అవతల, వసారాలో. మోజెస్ భార్య ఆడెలా గుమ్మంలో నిలబడి ఇటుమాట అటు, అటుమాట ఇటు మోసింది.

"ఈ బేరం చేసింది నువ్వే కదా బావా" అంది ఆడెలా నాతో. "లోయలో ఇన్ని గుర్రాలుంటే మా ఆయన గుర్రమే ఆ మనిషి కంట్లో పడేటట్టు చేశావ్."

"కళ్ళు ఆయనవి, గుర్రం మీది. మధ్యలో నేనెవర్ని?"

"మధ్యవాడివేగా. అందరి మధ్యా నిలబడి అమ్ముకునేవాడివి."

నాకూ ఆమెకూ ఆ సరసం ఎప్పుడూ ఉండేదే, ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఎవరికీ దారి తోచలేదు. అత్తగారి కళ్ళకు గంతలు కట్టడం, మోజెస్ కళ్ళకు గంతలు కట్టడం, మోజెస్‌కు రంగుపూసి ఇంకో మనిషని చెప్పుకోవడం, ఇలా ఒక్కోటీ వచ్చి పోయింది. "రంగు పూస్తే అల్లుడు కాకుండా పోతాడా?" అని వసారాలోంచి మాట వచ్చింది. అది ఎవరితోనూ అన్న మాట కాదు కాబట్టి అందరం విన్నాం.

చివరికి క్రిస్టీన్ చెప్పింది. "అమ్మమ్మ షయాన్ జాతి మనిషి కదా. వాళ్ళలో ఒక దారి ఉండేది. అల్లుడు తన మనసుకు వచ్చి, నలుగురి ముందు, అత్తగారికి గుర్రం ఇస్తే ఇద్దరి మధ్యా ఉన్న ఆ మాటుతెర తీసేసేవాళ్ళు. తరవాత మాట్లాడుకోవచ్చు, చూసుకోవచ్చు. అమ్మకు తెలుసు. తను అడగదు. అడిగి తీసుకుంటే అది కానుక కాదు."



మోజెస్ కాఫీ గిన్నె కింద పెట్టి బయటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. నా బుద్ధి నాకు చెప్పింది నేను అతనికి చెప్పాను.

"తమ్ముడూ, లెక్క చూసుకో. ఆ బొమ్మ హాల్లో మూడు ఊపిర్లసేపు ఆడుతుంది. గుర్రం పోతే నీ పని పోతుంది. ఈ కరువులో ఇంకో గుర్రం నీకెక్కడిది?"

అతను గుర్రం మెడ నిమురుతున్నాడు.

"పోనీ ఇలా చెయ్" అన్నాను. "నా కొట్టు వెనక గుడ్డి ఆడగుర్రం ఒకటుంది. ఊరికే తీసుకో. గుర్రం అన్నారు కానీ ఏ గుర్రమో చెప్పలేదు కదా. అది ఇచ్చేసెయ్."

మోజెస్ నావైపు తిరిగాడు. కోపం లేదు. నిజంగా అర్థంకాని మనిషిలా చూశాడు.

"గుడ్డిగుర్రాన్ని ఇచ్చి ఆమె ముఖం చూడాలా అన్నా? ఏ ముఖంతో చూడను?"

మళ్ళీ అతనే అన్నాడు. "ఆ వంకరకొమ్ము ఉన్నాడే, వాగు దాటాక గుర్రాన్ని వెనక్కి తిప్పినప్పుడు, ఆయనకూ ఒకటే గుర్రం ఉండి ఉంటుంది."

అంతకుమించి ఆ విషయం అతను ఎప్పుడూ మాట్లాడలేదు.

శిబిరం కాల్చేరోజు పొద్దున, సినిమావాళ్ళు డేరాలకు కిరసనాయిలు చల్లుతుండగా, చాటింపు వేసే ముసలి అమోస్ గుంపు మధ్యకు వచ్చి గొంతెత్తాడు. "వినండి! ఎదురుగాలి మోజెస్ తన అత్తగారికి ఒక గుర్రాన్ని గౌరవంగా ఇస్తున్నాడు. చూసి గుర్తుపెట్టుకోండి!" ప్రిచర్డ్ ఏదో అరవబోయి, నేనెత్తిన చెయ్యి చూసి ఆగాడు. కెమెరా మనుషులు కూడా పని ఆపి నిలబడ్డారు.

మోజెస్ ఇసుకను నడిపించుకొచ్చాడు. ఒళ్ళంతా తోమి, మెడలో ఎర్రగుడ్డ కట్టి, వీపుమీద ఆడెలా పూసలు కుట్టిన దుప్పటి వేశాడు. తల వంచుకుని, పగ్గం చేత్తో పట్టుకుని ముందుకు చాచాడు. నేను కూడా తల వంచుకున్నాను, నేను ఏ గుర్రమూ ఇవ్వలేదు కాబట్టి. అందువల్ల తరవాతిది నేను చెవులతో విన్నదే.

పగ్గం చేతులు మారింది. శాలువా జారిన చప్పుడు.

"అల్లుడా, తలెత్తు" అంది అత్తగారు.

ఆమె అతన్ని చాలాసేపు చూసి ఉండాలి.

"నువ్వు అందగాడివని ఆడెలా చెప్పింది" అంది. "పోనీలే. కూతుళ్ళు తల్లులకు అబద్ధాలు చెప్పడం కొత్తేమీ కాదు."

లోయంతా నవ్వింది. ఆడెలా ముఖం కప్పుకుంది. అమోస్ నవ్వలేక దగ్గాడు. మోజెస్ కూడా నవ్వాడనీ, అతను అలా నవ్వడం అంతకుముందు ఎవరూ చూడలేదనీ తరవాత క్రిస్టీన్ చెప్పింది.

"ఇంద" అని పగ్గం మళ్ళీ అతని చేతికిచ్చింది అత్తగారు. "ఈ పూటకు నా గుర్రాన్ని వాడుకో. జాగ్రత్త. దాని కాలికి దెబ్బ తగిలిందో, అల్లుడని చూడను."

తరవాత నిప్పుపెట్టారు.

వ్యాపారంలో నేను నేర్చుకున్నదొకటి, గాలి ఎవరి మాటా వినదు. ప్రిచర్డ్ లెక్కలో పొగ ఏటివైపు పోవాలి. గాలి తిరిగి పొగనంతా శిబిరం మీదికే తోసింది. రైతుల వేషాలవాళ్ళు దగ్గుతూ పరిగెత్తారు. మావాళ్ళు గుర్రాల మీద వాగువైపు పోయారు. డేరా ముందు అత్తగారు ఎక్కడుందో కనపడటం లేదు. నేను గుర్రం కాళ్ళే చూస్తున్నాను, నాకు చూడ్డానికి అవే తగినవి. వాగు దాటిన గుంపులోంచి ఇసుకరంగు కాళ్ళు నాలుగు వెనక్కి తిరిగాయి.

పొగ అంచుదాకా వచ్చి అవి తడబడ్డాయి. గుర్రం నిప్పుకు బెదిరి పక్కకు లాగుతోంది. మోజెస్‌కు దారి కనపడటం లేదు. ఇటు ప్రిచర్డ్ హీరోయిన్ భుజం మీద చెయ్యి వేశాడు. ఇంకొక్క క్షణంలో తోసేవాడు. ఆ పిల్ల గౌను ఎత్తి పట్టుకుని సిద్ధంగా ఉంది.

అప్పుడు పొగలోంచి గొంతు వచ్చింది. నా కొట్లో పొయ్యిని ఇన్నేళ్ళూ తిట్టిన గొంతే. కానీ ఈసారి అది సూటిగా మనిషిని పిలిచింది.

"మోజెస్! ఇటు! ఇటురా అల్లుడా, గుడ్డివాడివా!"

గుర్రం చెవులు అటు తిరిగాయి. మోజెస్ దాని మెడ మీదికి వాలి ఆ గొంతు వెంట పొగలో కలిసిపోయాడు. గిట్టల చప్పుడు ఆగలేదు. వేగం తగ్గనైనా లేదు. పొగకు అవతలి వైపునుంచి గుర్రం బయటికి వచ్చేసరికి దాని మీద ఇద్దరున్నారు. అత్తగారి శాలువా ఎక్కడో ఎగిరిపోయింది. నేను చటుక్కున నేల చూశాను.

ఆడవాళ్ళ నాలుకలు ఒక్కసారిగా కూతపెట్టాయి. యుద్ధం నుంచి తిరిగివచ్చినవాళ్ళకు పెట్టే కూత అది. నా చిన్నప్పటి తరవాత నేను దాన్ని వినలేదు. హీరోయిన్ పిల్ల గౌను వదిలేసి గట్టిగా చప్పట్లు కొట్టింది. తన బొమ్మ పోయిందని ఆ పిల్లకు తట్టనే లేదు, అందుకు ఆమెను నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. ప్రిచర్డ్ మాత్రం అరవలేదు. కెమెరావాణ్ణి మెల్లిగా అడిగాడు, "పడిందా?" అని. "పడింది" అన్నాడు వాడు. ప్రిచర్డ్ వెళ్ళి ఒక పెట్టెమీద కూలబడ్డాడు.

సినిమావాళ్ళు అట్టకోటను విప్పుకుని వెళ్ళిపోయారు. ఇక ఎవరికేం మిగిలిందో చూస్తే, నాకు లాభం మిగిలింది. మోజెస్‌కు జీను మిగిలింది. జీను వేయడానికి గుర్రం లేదు. ఆ శీతాకాలం కామందుల దగ్గర కంచెలు బాగుచేసే పనికి కాలినడకన పోయాడు. అత్తగారు ఇసుకను ఆకులు రాలే కాలందాకా ఉంచుకుంది. అప్పుడు, పోయినవాళ్ళ పేరుమీద ఉన్నది పంచిపెట్టే మా ఆచారం ప్రకారం, వంకరకొమ్ము పేరుమీద విందుచేసి, ఎండుమాంసం, అడవిచెర్రీల గుజ్జు పెట్టి, తన దుప్పట్లతో బాటు గుర్రాన్ని కూడా దిగువయేటి పేదకుటుంబానికి ఇచ్చేసింది. ఆ ఇంటి ముసలాయన తండ్రి ఆ రోజు తుపాకుల మధ్య వంకరకొమ్ముకు తోడుగా వాగు ఒడ్డున నిలబడ్డాడట. గుర్రాన్ని తోలుకుపోతుంటే మోజెస్ నిలబడి చూశాడు. నాకు నోరు ఆగలేదు.

"నీ గుర్రం ఇంకొకడి పెరట్లోకి పోతోంది తమ్ముడూ."

"నాది కాదుగా" అన్నాడు. "అత్తగారిది. మంచి ఇంటికి ఇచ్చింది."

అతనికి మిగిలిన ఇంకొకటి కూడా చెప్పాలి. మాటుతెర పోయింది కాబట్టి అత్తగారు ఇప్పుడు అతనితో రోజంతా మాట్లాడుతుంది. కట్టెలు ఎలా కొట్టాలి, పిల్లలకు ఏం పెట్టాలి, టోపీ ఎటు వంచాలి, అన్నీ. "గుర్రమే నయం అన్నా, అది చెబితే ఆగేది" అని ఒకసారి నాతో అన్నాడు. అన్నాడే కానీ, పని నుంచి వచ్చి ముందు ఆమె గుమ్మంలోకే వెళ్ళేవాడు.

మరుసటి ఏడాది ఎండాకాలంలో సినిమా మా పక్క పట్నానికి వచ్చింది. నేను లారీ కట్టించి అందర్నీ తీసుకెళ్ళాను. కిరాయి తీసుకోలేదు. ఎందుకని క్రిస్టీన్ అడిగితే, దోవలో కొట్టు సరుకు తెచ్చుకోవాలి, ఎలాగూ పోయేదేనన్నాను. ఆ హాల్లో మమ్మల్ని ఒక పక్కన కూచోబెట్టేవాళ్ళు. ఆ పక్కంతా నిండిపోయి గోడవారన కూడా నిలబడ్డారు.

సినిమాలో చాలా తప్పులున్నాయి. డేరాల గుమ్మాలు తూర్పుకు తిరిగి లేవు. ఒకే వాగును మేము పదేపదే దాటాం. నలభై గుర్రాల్ని అటూ ఇటూ తిప్పి వెయ్యి చేశారు. మా అమోస్ యుద్ధసభలో గంభీరంగా చెయ్యెత్తి, మధ్యాహ్నం భోజనం ఇంకా రాలేదని మా భాషలో చెబుతున్నాడు. మావాళ్ళు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుతుంటే, అవతలి పక్కనున్న తెల్లవాళ్ళు ఎందుకో తెలియక బిత్తరపోయారు. ఐనా మాట దాచకూడదు. మైదానం మైదానంలాగే ఉంది. గుర్రాలు కొండవాలు దిగివస్తుంటే అవతలి పక్కవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. ప్రిచర్డ్‌కు తన పని తెలుసు.

తరవాత తెల్లవారింది. శిబిరం అంటుకుంది. మా పక్క నవ్వులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ బొమ్మ ఉందా, కోసేశారా? కోసేసి ఆ హీరోయిన్ పిల్లను పెట్టారా? అత్తగారు మూడు వరసల ముందు, మోజెస్ పక్కన, వెన్ను నిటారుగా పెట్టి కూచుంది.

పొగ వచ్చింది. క్రిస్టీన్ నా మోచెయ్యి పట్టుకుంది. తెరమీద ఆమె తల్లి ముఖం పడబోతోందని నాకు అర్థమైంది. బొమ్మైనా ముఖం ముఖమే. నేను నా టోపీలోకి చూస్తూ కూచున్నాను.

అందుచేత ఆ హాల్లో ఆ దృశ్యం చూడనివాణ్ణి నేనొక్కణ్ణే. విన్నాను. తెల్లవాళ్ళ పక్కనుంచి ఎవరో ఆడమనిషి "అయ్యో!" అంది. వెంటనే రెండు పక్కల నుంచీ పెద్ద ఊపిరి ఒకటి లేచింది. క్రిస్టీన్ గోళ్ళు నా చేతిలో దిగాయి. "అందుకున్నాడు" అంది నా చెవిలో. "వెనక్కి వచ్చాడు. అందరికీ కనపడేటట్టు వచ్చాడు."

చీకట్లో మా అత్తగారు లేచి నిలబడింది. కూచోమని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆమె హాలంతా వినపడేటట్టు ఒక్క పేరు పలికింది.

"వంకరకొమ్ము!"

ముసలమ్మలు కూతపెట్టారు. అది ఆగాక ఆమె శాలువా సర్దుకుని, మోజెస్ భుజం పట్టుకుని, బయటికి నడిచింది. అమోస్ లేచాడు. అతని వెనక ఒక వరస లేచింది, ఆ వెనక ఇంకొకటి. తెరమీద రైతులు ఇంకా పోరాడుతూనే ఉన్నారు. వాళ్ళు గెలుస్తారని అందరికీ తెలిసిందే.

హాలు యజమాని కంగారుపడి గుమ్మానికి అడ్డం వచ్చాడు. "ఎక్కడికయ్యా అందరూ? ఇంకా అయిపోలేదు. అసలు యుద్ధం ఇప్పుడే కదా!"

"మాది అయిపోయింది" అన్నాడు అమోస్, అతన్ని మర్యాదగా పక్కకు జరిపి.

మిగతా సగానికి కూడా మేం టికెట్లు కొన్నాం. నష్టమే. నేను టోపీ పెట్టుకుని వాళ్ళ వెనకే బయటికి వచ్చాను.